గోడకి ఆనిన వీపు

లాకప్పులో ఉన్న మనిషి బెయిలు గురించి అడుగుతాడు, పెళ్లాంపిల్లల గురించి అడుగుతాడు, లేకపోతే బీడీ అడుగుతాడు. పధ్నాలుగేళ్లుగా రాజమండ్రిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. ఈ మూడూ కాక వేరేది అడిగినవాణ్ణి చూళ్లేదు.

"అయ్యగారి బాస్ దొరికిందా అమ్మా?" అన్నాడు వీరబ్రహ్మం.

పందొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆగస్టు పదిహేడు, మంగళవారం, పొద్దున్న పదకొండూ పది. సాయంత్రం నాలుగింటికి అతణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణుంచి తిన్నగా సెంట్రల్ జైలు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ధవళేశ్వరం రేవులో నలభై ఏళ్లుగా పడవలు కడుతున్న వడ్రంగి. దొంగతనం మాట దేవుడెరుగు, పక్కవాడి ఉలి అరువు తెచ్చుకున్న పాపాన కూడా పోలేదని అతని భార్య లోవమ్మ నిన్న సాయంత్రం నా ఆఫీసుకొచ్చి ఏడ్చింది. కేసు తీసుకున్నాను.

కేసు ఇదీ. చంద్రరావుగారు ముప్ఫై ఏళ్లు మద్రాసు సినిమా ఆర్కెస్ట్రాల్లో డబుల్ బాస్ వాయించారు. మనిషికన్నా పొడుగ్గా, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం అది. కీబోర్డులొచ్చి ఆయన్ని పక్కకి నెట్టేశాక, ఆ వాద్యంతో సహా దానవాయిపేటలో ఇల్లు తీసుకుని స్థిరపడ్డారు. అమ్మనని, తగిన చేతికి ఊరికే ఇచ్చేస్తానని అందరికీ చెప్పేవారు. ఆ చెయ్యి హారతి అనే హైదరాబాదు అమ్మాయిది. ఈలోపు దాని వీపు, అంటే వెనక పలక, అంచు దగ్గర అతుకు కాస్త వదిలితే, బాగుచెయ్యమని వీరబ్రహ్మానికి ఇచ్చారు. పదకొండు రోజులు అతని షెడ్డులో ఉండి, కిందటి మంగళవారం ఇంటికొచ్చింది. నిన్న, సోమవారం, హారతి వచ్చి దాని మీద దుప్పటి తీసి చూసి "ఇది ప్లైవుడ్డు బాస్ అండీ" అంది. మాస్టారు గుండె పట్టుకుని మంచమెక్కారు. చీకటి పడకముందే వీరబ్రహ్మం లాకప్పులో పడ్డాడు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. చంద్రరావుగారు నాకు పరాయివారు కాదు. మా నాన్నకి ప్రాణస్నేహితుడు. నా చిన్నప్పుడు ప్రతి వేసవికీ వచ్చి నాకు వయొలిన్ నేర్పబోయారు. చేతికి ఏమీ రాలేదు కానీ చెవికి కాస్త వచ్చింది. "ముందు పలక మాట్లాడుతుంది వేణీ, వీపు జవాబు చెబుతుంది. జవాబు వినడం నేర్చుకో" అనేవారు. మనుషుల్ని ప్రశ్నలడిగే ఉద్యోగంలో ఆ ఒక్క మాటా పట్టుకునే బతుకుతున్నాను. అందుకే, ఇద్దరు మంచివాళ్ల మధ్య ఎవడో మూడోవాడు దూరాడని నమ్మకంగా అనుకుంటూ స్టేషనుకి వెళ్లాను.

"బ్రహ్మంగారూ, బాస్ ఎన్ని గంటలకి అప్పగించారు?"

"మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికండి. మర్నాడు సూర్యగ్రహణం కదా, ఈలోపే ఇల్లు చేరాలన్నారు అయ్యగారు. నేనూ లోవమ్మా రిక్షాలో తీసుకెళ్లాం. పడవకి పెట్టినట్టే దానికో చెక్క దిమ్మ చేశానండి. అందులో నిలబెట్టి, గోడకి ఆనించి, కిటికీ ఊచకి తువ్వాలుతో కట్టొచ్చాను."

"తరవాత ఆ ఇంటికి మళ్లీ వెళ్లారా?"

అతను కటకటాల కేసి చూశాడు. "లేదమ్మా."

"అతుకు ఎలా వేశారు?"

పనివాణ్ణి పని గురించి అడిగితే, ఉరికంబం మీద ఉన్నా సరే కళ్లు వెలుగుతాయి. ఇతని కళ్లు వెలగలేదు. "ఏదో, వేశానండి" అని తల దించుకున్నాడు.

"ఇది నా బాస్ కాదంటున్నారు మాస్టారు."

"ఆయన కాదన్నారంటే కాదేనమ్మా. ఆయన అబద్ధం చెప్పరు."

బయట లోవమ్మ నా లూనా పక్కన నిలబడి ఉంది. "ఏమన్నాడమ్మా? శుక్రవారం నుంచీ మనిషి మనిషిలా లేడు. ఆ సాయంత్రం వచ్చి అన్నం ముట్టలేదు. పడవలకి గుగ్గిలం కాచే ఇనప మూకుడుందమ్మా, మా మావగారి నాటిది, దాన్ని పట్టుకెళ్లి గోదాట్లో పారేశాడు. ఇదేంటయ్యా అంటే చిల్లు పడిందన్నాడు. ఇనప మూకుడికి చిల్లేంటి?"

నోట్‌బుక్కులో రాసుకున్నాను. దాని అర్థం నాకప్పుడు తెలీలేదు.

*

పదకొండూ యాభైకి దానవాయిపేటలో ఉన్నాం. గుమ్మంలో రత్నమాణిక్యం పిన్నిగారు, అంటే చంద్రరావుగారి భార్య, నన్ను చూసి "రా వేణీ" అన్నారు. నా వెనక లోవమ్మని చూసి మొహం ముడుచుకున్నారు.

"నువ్వు గేటు దగ్గరే ఉండు. తిన్న ఇంటివాసాలు లెక్కపెట్టేవాళ్లకి నా గుమ్మంలో చోటు లేదు."

"మా ఆయన తియ్యలేదమ్మగారూ. కాసిని మంచినీళ్లన్నా..."

"కుళాయి వీధి చివర ఉంది."

పిన్నిగారు అంత కరుగ్గా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. లోవమ్మ ఎండలో గేటు పట్టుకుని నిలబడిపోయింది.

మాస్టారు పడగ్గదిలో, పెద్ద పట్టెమంచం మీద పడుకుని ఉన్నారు. దుప్పటి నేలదాకా వేలాడుతోంది. ఫోను కూడా పొడుగు వైరుతో మంచం పక్క స్టూలు మీదకి చేర్చారు. ఐదడుగుల నాలుగంగుళాల మనిషి, ఒక్కరోజులో ఇంకా చిక్కిపోయినట్టున్నారు.

"మాస్టారూ, మీ బాస్ ఎలా ఉంటుందో కేసు కోసం మళ్లీ ఒకసారి చెప్పండి."

కళ్లు మూసుకునే మొదలుపెట్టారు. "అరవై నాలుగులో, మద్రాసులో, షాపువాడు మూడు నిలబెట్టాడు. మొదటిది అచ్చం వయొలిన్ ఆకారం. నాలుగు మూలలూ కొమ్ముల్లా బయటికి, భుజాలు ఇంత వెడల్పు. చూడ్డానికి రాజులా ఉంది. కానీ ఆ భుజం దాటించి చెయ్యి దించి పై స్వరాలు అందుకోవాలంటే నా బోటి పొట్టివాడికి పక్కటెముకలు పట్టేస్తాయి. రెండోది ప్లైవుడ్డు. ఎండకీ వానకీ చలించదు, లారీలో వేసి ఊళ్లు తిప్పినా ఏమీ కాదు. వేలితో తట్టాను. పెట్టె తట్టినట్టుంది. ముందు పలక మాట్లాడితే వీపు ఊఁ కొట్టదు."

"మూడోది?"

"జారు భుజాలు. మూలలు మెత్తగా లోపలికి తిరిగినవి. ముందూ వెనకా అసలు కొయ్య, ఉలితో చెక్కి తీసింది. వీపు మాత్రం గుండ్రం కాదు, బల్లపరుపు. గుండ్రటి వీపు శబ్దాన్ని నాలుగు వేపులకీ పంచుతుంది. బల్లపరుపు వీపు తిన్నగా ఎదటివాడి గుండెలోకి విసురుతుంది. మైకు ముందు దానికి తిరుగులేదు. షాపువాడన్నాడు, బల్లపరుపు వీపుకి ఒక రోగం ఉందండీ అని..." ఆగిపోయారు.

"ఏం రోగం?"

"ఏం లేదు. సుకుమారం."

"బ్రహ్మంగారి మీద అనుమానమని మీరే చెప్పారా?"

"పదకొండు రోజులు ఎవరి దగ్గరుందని పోలీసులు అడిగారు. ఉన్నది చెప్పాను."

లేవబోతూ మంచంకోడు కింద ఇటుకకి కాలు కొట్టుకున్నాను. నాలుగు కోళ్ల కిందా ఇటుకలే. పిన్నిగారిది గోదావరి మధ్య లంక ఊరు. వానాకాలం వస్తే మంచాలకి ఇటుకలెత్తడం అక్కడివాళ్లకి అలవాటు. పుట్టింటి బుద్ధి ఎక్కడికి పోతుందని లోపల నవ్వుకుని హాల్లోకి వచ్చాను.

*

హాల్లో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మురళీకృష్ణ మాస్టారి పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ఇద్దరికీ పాత పేచీ ఉంది. రెండేళ్ల కిందట ఒక గోడౌను మంటల కేసులో అతను పట్టుకున్నవాణ్ణి నేను విడిపించాను.

"వచ్చారా మేడమ్ గారూ? ఈసారి కష్టపడకండి. మీ వడ్రంగి షెడ్డులో ప్లైవుడ్డు ముక్కలు దొరికాయి. నకిలీ తయారుచేసి ఇచ్చాడు, అసలుది దాచాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీడు బయటి దొంగ, నాకు చాలు."

"పడవల షెడ్డులో ప్లైవుడ్డు కాక పట్టుచీరలు దొరుకుతాయా?" అన్నాను.

హారతి గోడ దగ్గర నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయి, మాస్టారంతే పొట్టి. దిమ్మలో ఉన్న బాస్‌ని చూపించి, "ఇది వడ్రంగి షెడ్డులో అయ్యే పని కాదండీ" అంది మెల్లిగా. "ఫ్యాక్టరీ అచ్చులో పెట్టి నొక్కిన పలకలివి. ఇదిగో, ముందు పలక మీద ఈ పొడుగు కన్నం అంచు చూడండి."

వంగి చూశాను. కన్నం అంచులో కొయ్య పూతరేకు మడతల్లా పొరలుపొరలుగా ఉంది.

"చెక్కిన కొయ్యకైతే పైనున్న గీతలే అంచులోకి దిగుతాయి, పొరలుండవు. ఇంకోటి, దీని వీపు గుండ్రం."

అప్పుడు గమనించాను. దిమ్మలో బాస్ సరిగ్గా కుదురుకోలేదు. గుండ్రటి వీపు గోడకి అరచెయ్యంత మేర తగిలి అటూ ఇటూ ఊగుతోంది. ఊగకుండా వెనక తలగడ దూర్చారు. తలగడ తీసి, బాస్‌ని పక్కకి జరిపించాను.

కొత్తగా సున్నం వేసిన గోడ. దాని మీద మోకాలి ఎత్తు నుంచి నా ఛాతీ దాకా, రెండడుగుల వెడల్పున, సున్నం నున్నగా అణిగి లేత గోధుమరంగు తేలింది. పైన ఆ మచ్చ గీత గీసినట్టు అడ్డంగా తెగిపోయింది.

"ఇదేంటి?" అన్నాను.

హారతి చేత్తో ఆ గీత తడిమింది. "బల్లపరుపు వీపుని పైన, మెడకి దగ్గర, ముందుకి ఒక మడత వంచుతారండీ. ఆ మడత ఇదే. ఇది ఆయన బాస్ వీపు!"

"పిన్నిగారూ, ఈ గోడకి సున్నం ఎప్పుడు వేయించారు?"

"బుధవారం గ్రహణం కదా. విడిచాక ఇల్లంతా కడిగి, గురువారం శ్రావణమాసం మొదలని సున్నం వేయించాను. రెండింటికి పనివాళ్లు వెళ్లారు. తడి ఆరకముందే దాన్ని మళ్లీ గోడకి ఆనించేశారని ఆయనే విసుక్కున్నారు."

నేను ఇన్‌స్పెక్టర్ వేపు తిరిగాను. "మంగళవారం షెడ్డు నుంచి వచ్చింది నకిలీదైతే, గురువారం తడిగోడకి అసలుదాని వీపెలా తగిలింది సార్? వీరబ్రహ్మం అసలు బాస్‌నే అప్పగించాడు. మార్పిడి జరిగింది ఈ ఇంట్లో, గురువారం తరవాత."

"సున్నపు మచ్చ పట్టుకుని కోర్టుకెళ్లమంటారా?"

"అయితే ఇంకోటి" అన్నారు పిన్నిగారు హఠాత్తుగా. "గ్రహణానికి ఊరగాయ జాడీల్లో, పాలల్లో దర్భ వేస్తూ, ఇంట్లో అంత విలువైన వస్తువుని ఊరికే వదిలెయ్యడమేంటని దాని కన్నంలోంచి కూడా ఒక దర్భ వేశాను. ఆయన ఒకటే నవ్వు."

హారతి టార్చి వేసి లోపల వెతికింది. "దుమ్ము తప్ప ఏమీ లేదండీ. కానీ... ఇదేంటి, బద్దె అటుపక్కనుంది?"

"ఏ బద్దె?"

"లావు తీగ వేపు, పలక లోపల నిలువునా ఒక బద్దె అతికిస్తారు, బరువు మొయ్యడానికి. దీనికి సన్న తీగ వేపు ఉంది. తీగలు తరవాత ఎవరో మార్చి కట్టారు. ఇది ఎడంచేతివాటం వాళ్ల కోసం చేయించుకున్న బాస్ అండీ."

నాకు ఎక్కడో గంట మోగింది. అది పూర్తిగా మోగేలోపే మురళీకృష్ణ లేచాడు. అతని దగ్గర ఇంకో ముక్క మిగిలి ఉందని ఆ నవ్వు చూస్తేనే తెలిసింది.

"సరే, మార్పిడి ఇక్కడే జరిగిందనుకుందాం. శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఈ అమ్మగారు గుళ్లో కుంకుమపూజకి వెళ్లారు. ఆరూ నలభైకి మీ వడ్రంగి ఈ గేటులోంచి బయటికెళ్లడం పక్కింటి సంపూర్ణమ్మగారు చూశారు. శుక్రవారం వచ్చాడని మీకు చెప్పాడా మేడమ్?"

నేను నోట్‌బుక్కు కేసి చూశాను.

"చెప్పలేదన్నమాట. లాకప్పులో నేనడిగినా రాలేదనే అన్నాడు."

"చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు. చెమటలు కారిపోతుంటే కండువాతో మొహం తుడుచుకుంటూ వెళ్లాడట. వచ్చి తలుపులూ గడియలూ చూసుకున్నాడు. శనివారం ఈవిడ ఆత్రేయపురం చెల్లెలింటికి వెళ్లి సాయంత్రం ఆరింటికి గానీ రాలేదు. పెద్దాయన నిద్రపోతుంటే పని కానిచ్చేశాడు." టోపీ పెట్టుకున్నాడు. "హారతిగారూ, స్టేట్‌మెంటు ఇద్దురుగాని రండి. నాలుగింటికి కోర్టు."

జీపు వెళ్లిపోయింది. నాకు చెంప మీద కొట్టినట్టుంది. అబద్ధం చెప్పే క్లయింట్లు నాకు కొత్త కాదు, కానీ ఈ మనిషిని నేను నమ్మాను. గేటు దగ్గర లోవమ్మని అడిగితే, శుక్రవారం ఎక్కడికెళ్లాడో తనకి చెప్పలేదంది. అబద్ధమాడే మొహం కాదు ఆమెది.

*

ఎడంచేతివాటం. ఈ రెండు జిల్లాల్లో డబుల్ బాస్ పట్టుకునేవాళ్లే వేళ్ల మీద లెక్క. అందులో ఎడంచేత్తో వాయించేవాడు ఒక్కడే. మాస్టారి శిష్యుడు దుర్గాసాయి, పాలకొల్లులో సొంత ఆర్కెస్ట్రా నడుపుతున్నాడు. నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వీధి చివర ఎస్టీడీ బూతులో పాలకొల్లు లైను దొరికేసరికి రెండూ యాభై అయింది.

"సాయీ, నీ బాస్ ఎక్కడుంది?"

"గురువుగారి దగ్గరే ఉంది కదక్కా. శనివారం పొద్దున్న పదకొండింటికి వ్యానులో పంపాను. ఎవరో హారతిగారు ఎంచుకోడానికొస్తున్నారు, పక్కపక్కన రెండు ఉంటే తేడా తెలుస్తుందన్నారు. ప్లైవుడ్డుదే కావాలన్నారు. ఏంటక్కా, ఏమన్నా అయిందా?"

"ఎవరన్నారు అలా?"

"గురువుగారేనక్కా. ఇంకెవరంటారు?"

రిసీవరు పెట్టేశాక కూడా కాసేపు అలాగే నిలబడ్డాను. బూతు అమ్మాయి "అయిపోయిందాండీ?" అని రెండుసార్లు అడిగింది. అయిపోయింది. నాకు వినడం నేర్పిన మనిషి పొద్దున్న మంచం మీద కళ్లు మూసుకుని, అరవై నాలుగు మద్రాసు నుంచి మొదలుపెట్టి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా నిజాలు చెబుతూనే నాకు అబద్ధం చెప్పారు. జవాబు మధ్యలో ఎక్కడ ఆగిందో విన్నాను కూడా. విని, ఆయనే కదా అని వదిలేశాను. వదిలేసినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

తిరిగి వచ్చేసరికి మూడూ ఐదు. పిన్నిగారు మాస్టారికి హార్లిక్స్ కలుపుతున్నారు.

"పిన్నిగారూ, మంచానికి ఇటుకలెత్తింది మీరేనా?"

"నేనెందుకెత్తుతానమ్మా? శనివారం ఆత్రేయపురం నుంచి వచ్చేసరికి ఎత్తించుకుని ఉన్నారు. చెమ్మట. దానవాయిపేటలో వరదేంటండీ అని నేనే నవ్వాను."

మాస్టారు కళ్లు తెరిచారు. నేను ఇంకేమీ అడగలేదు. వంగి, నేలదాకా వేలాడుతున్న దుప్పటి ఎత్తాను.

తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి తీసేసి, తీగలు వదులుచేసి, జారుభుజాల బాస్ వెల్లకిలా పడుకుని ఉంది. గుండ్రటి వీపైతే దొర్లేది. బల్లపరుపు వీపు కాబట్టి పలకలా కదలకుండా పరుచుకుంది. మెడ పట్టుకుని ఇవతలికి లాగి బోర్లించాను. కన్నంలోంచి ఎండిపోయిన దర్భ ఒకటి జారి పిన్నిగారి పాదాల దగ్గర పడింది.

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "నేను వేసిందే" అన్నారు.

వీపు నడిమధ్యన, కింద నుంచి మడతదాకా, చీలిక. చిటికెన వేలి గోరు దూరేటంత. అంచు అతుకు మాత్రం చెక్కుచెదర్లేదు. దాని వెంట గుగ్గిలం నల్లగా మెరుస్తోంది. అంగుళానికొక రాగిమేకు, తల అణిచి, వార్నిషు పూసి ఉంది. పడవకి కొట్టినట్టు.

"చూశావా వాడేం చేశాడో?" మాస్టారు లేచి కూర్చున్నారు. గుండెనొప్పి ఏమయిందో తెలీదు. "తోలు కాచిన జిగురు పెట్టరా, పల్చగా పెట్టరా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆ జిగురుకి బలం తక్కువ, అందుకే అది పెడతాం. రేవులో చెమ్మ తాగిన కొయ్య ఇంట్లో ఫ్యాను గాలికి ఆరుతుంది, ముడుచుకుంటుంది. అప్పుడు అతుకు వదలాలి. అతుకు వదిలితే మళ్లీ అతికించుకుంటాం. వీడు పడవ చేసి ఇచ్చాడు! నీళ్లు చొరకూడదని గుగ్గిలం పోసి మేకులు దిగ్గొట్టాడు. అతుకు వదల్లేదు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వీపు చీలింది. ఆ చప్పుడు నేను విన్నాను వేణీ. ముప్ఫై ఐదేళ్లు..."

"శుక్రవారం సాయంత్రం ఆయన్ని పిలిపించింది మీరే కదూ?"

"పిలిపించి చూపించాను. దాని ముందు కూలబడి ఏడ్చాడు. పదేళ్లు గోదాట్లో వేసినా చుక్క చొరబడకుండా చేశాననుకున్నానండీ అయ్యగారూ అన్నాడు. ఫో నా కళ్లముందు నుంచి అన్నాను."

ఆరూ నలభైకి అతను కండువాతో తుడుచుకున్నది చెమట కాదన్నమాట. ఆ సాయంత్రమే మూకుడు గోదాట్లో పడింది.

"పగిలిందని హారతికి చెప్పేస్తే సరిపోయేది. చీలికలు బాగుచేసేవాళ్లు లేరా?"

"చెన్నై పంపమని ఆ పిల్ల నెత్తీనోరూ కొట్టుకుంది. మా గోదావరి వడ్రంగి ముందు వాళ్లెంత అన్నాను నేను. ఇప్పుడు రాగిమేకులు కొట్టిన బాస్‌ని చూపించి నవ్వించుకోనా? పోయిన వాద్యానికి పేరు మిగులుతుంది వేణీ. పగిలినదానికి నవ్వే మిగులుతుంది." ఆయాసపడ్డారు. "వాణ్ణి జైల్లో పెట్టమని నేను చెప్పలేదు. పదకొండు రోజులు ఎవరి దగ్గరుందంటే చెప్పాను. అంతే."

"అంతేనా?" అన్నారు పిన్నిగారు. "లోవమ్మని నేను నీళ్లకి వీధి కుళాయికి పొమ్మన్నానండీ. మీ మాట పట్టుకుని."

ఆయన ఆవిడ కేసి చూడలేదు. "సాయిగాడు నా శిష్యుడు, వాడు నోరెత్తడు. నువ్వు నా కూతురులాంటిదానివి. కొన్నాళ్లకి సాక్ష్యం లేదని వదిలేస్తారు."

"లేవండి మాస్టారూ. స్టేషనుకి ఫోన్ చేసి కంప్లెయింటు వెనక్కి తీసుకోండి. నాలుగింటిదాకా టైముంది."

ఫోను దానంతటదే మోగింది. మూడూ ముప్ఫై ఐదు. రిసీవరు నేనే ఎత్తాను.

"మేడమ్ గారా? మంచిదే, పెద్దాయనకి కూడా చెప్పండి" అన్నాడు మురళీకృష్ణ. "మీ వడ్రంగి ఒప్పుకున్నాడు. చెయ్యి వెయ్యలేదు, దెబ్బ కొట్టలేదు, వాడంతట వాడే. నకిలీది తనే చేశాట్ట. అసలుది శనివారం వంతెన మీంచి గోదాట్లోకి తోసేశాట్ట. ఇంక వెతకొద్దన్నాడు. సంతకం కూడా పెట్టేశాడు."

ఆ మనిషికి అంతా తెలుసు. బాస్ ఇంట్లోనే ఉందని తెలుసు, ఎందుకు పగిలిందో తెలుసు, తనని ఎవరు ఇరికించారో తెలుసు. తెలిసే "ఆయన అబద్ధం చెప్పరు" అన్నాడు. పొద్దున్న బాస్ దొరికిందా అని అడిగింది కూడా, దొరక్కూడదనే. తన చేత్తో పగిలినదానికి తనే శిక్ష వేసుకున్నాడు. నేను విడిపించబోయినవాళ్లూ నాకు అబద్ధమే చెప్పారు, నేను పూజించినవాళ్లూ నాకు అబద్ధమే చెప్పారు.

"ఏమంటున్నాడు?" అన్నారు మాస్టారు.

"బ్రహ్మంగారు ఒప్పుకున్నారట. గోదాట్లో పారేశానన్నారట."

ఆయన సిగ్గుపడతారనుకున్నాను. కనీసం మొహం పక్కకి తిప్పుకుంటారనుకున్నాను. ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. నుదుటి మీద ముడతలు విడిపోయాయి. "అయితే ఇంక ఎవరూ వెతకరు" అని, మెల్లిగా చెయ్యి చాచి, నేను ఎత్తిన దుప్పటిని మళ్లీ కిందికి దించబోయారు.

చీలిన వీపు చూసినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడొచ్చింది.

పిన్నిగారు హార్లిక్స్ గ్లాసు కింద పెట్టారు. నా చేతిలోంచి రిసీవరు తీసుకున్నారు.

"బాబూ, నేను చంద్రరావుగారి భార్యని. బాస్ గోదాట్లో లేదు. మా పడగ్గదిలో ఉంది. పగిలిపోయి ఉంది. మంచం కింద దాచింది మా ఆయన."

నాక్కూడా వినపడేలా మురళీకృష్ణ గొంతు గరగరలాడింది. సంతకం అయిపోయిందని, నోటిమాట తనకి అక్కర్లేదని, నిజమే అయితే నాలుగింటిలోపు ఆ వస్తువుని కోర్టు మెట్ల దగ్గరికి పట్టుకురమ్మని అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఇరవై రెండు నిమిషాలున్నాయి. చీలిన బాస్‌ని ఇద్దరం మొయ్యలేం. మెడ ఒకరు, నడుము ఒకరు, అడుగు ఒకరు పట్టుకోవాలి. పిన్నిగారు వీధి గుమ్మంలోకి వెళ్లారు.

"లోవమ్మా, లోపలికి రా. మంచినీళ్లిస్తాను."

"మా ఆయన వచ్చాక తాగుతానండి" అంది లోవమ్మ గేటు దగ్గర్నుంచే.

"ఆయన్ని తెచ్చుకోడానికే రమ్మంటున్నాను తల్లీ."

ఆమె వచ్చింది. పడగ్గది గడప దగ్గర ఆగి, బోర్లా పడున్న బాస్‌నీ, మంచం మీద మాస్టారినీ చూసింది. కూర్చుని, అతుకు వెంట ఉన్న రాగిమేకుల మీద వేలు రాసింది.

"ఇవి మావే" అంది. ఇంకేమీ అడగలేదు. చెంగు నడుముకి దోపి, బరువంతా ఉండే అడుగువేపు పట్టుకుంది.

ముగ్గురం ఎత్తాం. మాస్టారు మంచం దిగలేదు. గడప దాటుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"మెల్లిగా అమ్మా... వీపు మీద ఒత్తిడి పెట్టకండి, చీలిక పెరుగుతుంది."

లోవమ్మ భుజంతో గేటు తోసి రిక్షాని కేకేసింది.